డిస్కో అని తీసిపారేశారు: షీక్ బేసిస్టు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ గురించి

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

ఈ పెద్ద స్పీకర్లు ఎందుకు తెప్పించమన్నానో ముందు చెప్పేస్తాను. ఈ రోజు మనం మాట్లాడుకునేది ఒక బేస్ గిటారిస్టు గురించి. బేస్ గిటార్లో అన్నిటికంటే లావు తీగ ఉంటుంది కదా, 'ఈ' స్వరం, అది సెకనుకి 41 సార్లు కంపిస్తుంది, అంత కింది శబ్దం ఫోను స్పీకర్లోంచి రాదు, రాలేదు. ఫోన్లో పాట వింటే గొంతు వినిపిస్తుంది, గిటార్ వినిపిస్తుంది, కింద ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది అంతే. నేను చెప్పబోయే మనిషి పాటల్ని అలా వింటే అసలు పాట వినలేదనే లెక్క, ఎందుకంటే ఆ పాటల్లో ట్యూను మోసేది బేసే.

ఆయన పేరు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. బ్యాండ్ పేరు షీక్. న్యూయార్క్ బ్యాండు, 1977 నుంచి 1983 దాకా వాళ్ల కాలం. పాప్ గ్రూపులో బేసిస్టు అనగానే చాలామందికి పాల్ మెకార్ట్‌నీ గుర్తొస్తాడు, రావాలి కూడా, ఆయన గురించి చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. ఎడ్వర్డ్స్ సంగతి వేరు. ఆయన వాయించినవి మీరందరూ విన్నారు, ఎక్కడో పెళ్లిలోనో పార్టీలోనో సినిమాలోనో కాళ్లు కదిపే ఉంటారు, పేరు మాత్రం తెలీదు. అలా ఎందుకైంది అన్నదాని మీద నాకొక అభిప్రాయం ఉంది, మాటల్లో మాటగా అదే చెబుతాను.

పుట్టింది 1952 అక్టోబర్ 31న, నార్త్ కరోలినాలో గ్రీన్‌విల్ అనే ఊళ్లో. పెరిగింది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో. కుర్రాడిగా ఉన్నప్పుడు పోస్టాఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు క్లబ్బుల్లో వాయించడం. ఆ పోస్టాఫీసులోనే ఆయనతో పనిచేసే ఒకావిడకి నైల్ రాడ్జర్స్ అనే గిటారిస్టు తెలుసు, ఆవిడ కూతురికి స్నేహితుడు, మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకోండని ఆవిడే కలిపింది. మొదటిసారి ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు అస్సలు కుదరలేదు. రాడ్జర్స్ అప్పట్లో జాజ్ పిచ్చిలో ఉన్నాడు, ఏవేవో కొత్త ప్రయోగాల గురించి చెప్పుకొచ్చాడు, ఎడ్వర్డ్స్‌కి ఆ మాటలు ఎక్కలేదు, ఇంకోసారి నాకు ఫోన్ చెయ్యకు అన్నంత పనిచేశాడట. ఇది రాడ్జర్సే చాలాసార్లు చెప్పుకున్న సంగతి. ఆ తర్వాత కొన్నాళ్లకి అనుకోకుండా ఇద్దరూ ఒకే ప్రోగ్రాంలో వాయించాల్సొచ్చింది, వాయించడం మొదలెట్టాక ఇంక మాటలతో పనిలేకపోయింది.

ఈ ఇద్దరి జోడీ ఎలాంటిదో తెలిస్తేగానీ ఎడ్వర్డ్స్ ఏం చేశాడో అర్థం కాదు. రాడ్జర్స్‌కి శాస్త్రం తెలుసు, అపోలో థియేటర్ హౌస్ బ్యాండులో వాయించాడు, ఒక కార్డు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి, చెప్తే దానికి పది రంగులు వేయగలడు. ఎడ్వర్డ్స్‌కి డాన్సు ఫ్లోర్ తెలుసు. ఆయన కూడా ముందు గిటార్ వాయించినవాడే. రాడ్జర్స్ చేతిలో ఉన్న లావుపాటి జాజ్ గిటార్ చూసి, అది మార్చెయ్ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తీసుకో అన్నది ఎడ్వర్డ్సే, తీగల్ని నొక్కీ నొక్కనట్టు పట్టుకుని కుడిచేత్తో ఆపకుండా గీకే ఆ 'చకింగ్' పద్ధతి చూపించింది కూడా ఎడ్వర్డ్సే. ఈ రోజు ప్రపంచమంతా నైల్ రాడ్జర్స్ గిటార్ అని చెప్పుకునే శబ్దం ఉంది చూడండి, దానికి దారి చూపించింది పక్కన నిలబడ్డ బేసిస్టు. రాడ్జర్స్ ఈ మాట ఎప్పుడూ దాచలేదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం ఇంకా పెరిగింది.

మొదట్లో బిగ్ యాపిల్ బ్యాండ్ అని పేరు పెట్టుకున్నారు. న్యూయార్క్ సిటీ అని ఒక గాయకుల గ్రూపు ఉండేది, వాళ్ల వెనక వాయిస్తూ ఊళ్లు తిరిగారు, 1973లో జాక్సన్ ఫైవ్ కచేరీలకి ముందు వాయించారు. తర్వాత టోనీ థాంప్సన్ అనే డ్రమ్మరు కలిశాడు. ఆయన కొడితే గది అదిరిపోయేది, అంత బలం. 1976లో వాల్టర్ మర్ఫీ అనే ఆయన బీథోవెన్ సింఫనీని డిస్కో చేసి పెద్ద హిట్ కొట్టాడు, ఆయన గ్రూపు పేరు కూడా బిగ్ యాపిల్ బ్యాండే, దాంతో వీళ్లు పేరు మార్చుకోవాల్సొచ్చి షీక్ అయ్యారు. సూట్లు వేసుకుని, నీటుగా, పెద్ద హోటల్లో డిన్నరుకి వచ్చినవాళ్లలా కనపడాలి, పాట మాత్రం ఒళ్లు ఆగనివ్వకూడదు, ఇదీ వాళ్లు పెట్టుకున్న లెక్క. 1977లో మొదటి ఆల్బం వచ్చింది. అందులో 'ఎవ్రీబడీ డాన్స్' అని పాట ఉంది, బేస్ నేర్చుకునేవాళ్లకి ఇప్పటికీ చెమటలు పట్టించే పాట.

ఎందుకు చెమటలు పడతాయో చెబుతాను, కొంచెం దగ్గరగా చూద్దాం. మామూలుగా బేసిస్టులు చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటుతారు. కొందరు ప్లెక్ట్రమ్ వాడతారు, తీగలు మీటే చిన్న బిళ్ల. అప్పట్లో లారీ గ్రాహం అనే బేసిస్టు మొదలెట్టిన పద్ధతి ఇంకోటి బాగా నడుస్తోంది, బొటనవేలితో తీగని ఫట్‌మని కొట్టడం, అందరూ దాని వెనకే పడ్డారు. ఎడ్వర్డ్స్ చెయ్యి ఎలా ఉండేదంటే, బొటనవేలు చూపుడువేలు కలిపి పట్టుకునేవాడు, మధ్యలో ప్లెక్ట్రమ్ ఉన్నట్టే, కానీ ఉండదు. చూపుడువేలి గోరే ప్లెక్ట్రమ్. కిందకి గోరు తగులుతుంది, పైకి వచ్చేటప్పుడు వేలి కండ తగులుతుంది. అందుకని ఒకే స్వరం రెండుసార్లు వాయించినా రెండూ ఒక్కలా ఉండవు, ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా, ఆ తేడాలోంచే ఊపు పుడుతుంది. గిటార్ మీద రాడ్జర్స్ కుడిచెయ్యి ఎలా ఊగుతుందో బేస్ మీద ఈయన చెయ్యీ అలాగే ఊగుతుంది, ఇద్దరి చేతులూ ఒకే తూగులో ఉంటాయి కాబట్టే షీక్ పాటల్లో గిటారూ బేసూ ఒకే మనిషి వాయించినట్టు అనిపిస్తాయి. 'ఎవ్రీబడీ డాన్స్'లో ఆ చేత్తోనే చిన్న చిన్న స్వరాలు వరసపెట్టి దంచేస్తాడు, ఎక్కడా తొందరపడినట్టు ఉండదు.

ఇక 'ల ఫ్రీక్' కథ చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1977 డిసెంబర్ 31 రాత్రి, గాయని గ్రేస్ జోన్స్ రమ్మంటే స్టూడియో 54 క్లబ్బుకి వెళ్లారు, తలుపు దగ్గరున్నవాడు లోపలికి పంపలేదు, బూతు మాట అని గెంటేశాడు. లోపల మోగుతున్నది వీళ్ల పాటే, బయట నిలబడిందీ వీళ్లే. తిన్నగా రాడ్జర్స్ ఇంటికెళ్లి, ఆ బూతునే పల్లవిగా పెట్టుకుని కోపం తీరేదాకా వాయించారు, తర్వాత రేడియోలో అలాంటి మాట రాదు కాబట్టి 'ఫ్రీక్ అవుట్' అని మార్చారు. 1978లో వచ్చి అమెరికాలో నంబర్ వన్ అయ్యింది, వీళ్ల రికార్డు కంపెనీ అట్లాంటిక్ అమ్మిన సింగిల్స్‌లో అన్నిటికంటే పెద్దదిగా చాలా ఏళ్లు నిలబడింది. 2018లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో దాన్ని చేర్చుకుంది.

ఆ ఊపులో అట్లాంటిక్ వాళ్లు పెద్ద పెద్ద పేర్లు చెప్పి, మీకు ఎవరు కావాలంటే వాళ్లకి ఆల్బం చెయ్యండి అన్నారు. వీళ్లు పెద్దవాళ్లని వద్దన్నారు, అప్పటికి సరైన హిట్టు లేని సిస్టర్ స్లెడ్జ్ అనే నలుగురు అక్కచెల్లెళ్లని తీసుకున్నారు. పెద్ద స్టార్‌కి హిట్ ఇస్తే ఆ స్టార్‌దే అంటారు కదా, కొత్తవాళ్లకి ఇస్తే పనితనం ఎవరిదో తెలుస్తుంది. 1979లో 'వీ ఆర్ ఫ్యామిలీ', 'హీ ఈజ్ ద గ్రేటెస్ట్ డాన్సర్' అలా వచ్చాయి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు 'వీ ఆర్ ఫ్యామిలీ'ని తమ పాటగా పెట్టుకుని ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచింది. మరుసటి ఏడు గాయని డయానా రాస్ ఆల్బం. 'అప్‌సైడ్ డౌన్', 'ఐయామ్ కమింగ్ అవుట్' వీళ్లవే. ఆవిడ రికార్డు కంపెనీ మోటౌన్‌కి వీళ్ల మిక్సింగ్, అంటే ఏ వాయిద్యం ఎంత వినపడాలో సర్దిన తీరు, నచ్చక వీళ్లని అడక్కుండానే మళ్లీ మిక్స్ చేయించి విడుదల చేసింది. వీళ్లు చేసిన అసలు మిక్స్ 2003లో గానీ బయటికి రాలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి, షీక్ వాళ్లు పాటకి ఎంత తీరిక ఇచ్చారో, ఎక్కడెక్కడ ఏమీ వాయించకుండా వదిలేశారో అసలు మిక్స్‌లో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 'గుడ్ టైమ్స్', 1979.

మొత్తం పాటకి రెండే రెండు కార్డులు. బేస్ వాయించేది నాలుగు బార్ల ముక్క, బార్ అంటే నాలుగు దెబ్బల లెక్క, అదే మళ్లీ మళ్లీ. మొదట 'ఈ' మీద మూడు దెబ్బలు, దుమ్, దుమ్, దుమ్. నాలుగో దెబ్బ పడాల్సిన చోట పడదు. అక్కడ ఖాళీ. మన ఒంట్లో నాలుగోది పడాలని ఉంటుంది, పడదు, ఆ పడని దెబ్బని మనం తలతోనో భుజంతోనో పూర్తి చేస్తాం, డాన్స్ చెయ్యనివాడు కూడా చేసేస్తాడు. ఆ తర్వాత చిన్న చిన్న మెట్లెక్కుతూ పైకి పోతుంది, రెండో కార్డు మీద వాలుతుంది, అక్కడ కాసేపు తిరుగుతుంది, మళ్లీ దిగొచ్చి మూడు దెబ్బలు. ఇంతే. వినగానే ఇది నాకూ వచ్చు అనిపిస్తుంది. వాయించడానికి కూర్చుంటే తెలుస్తుంది, స్వరాలన్నీ సరిగ్గా పడ్డా ఆ పాట రాదు, ఎందుకంటే ఆ ఖాళీ ఎంతసేపు ఉండాలో, మూడో దెబ్బని ఎక్కడ వేలితో నొక్కి ఆపెయ్యాలో, అదంతా ఆయన చేతిలో ఉంది. ఎక్కువగా మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే అనే బేస్ వాయించేవాడు, ఇప్పటికీ చాలామంది ఆ శబ్దం కోసమే ఆ వాయిద్యం కొనుక్కుంటారు, వాయిద్యం దొరుకుతుంది, చెయ్యి దొరకదు.

నా అభిప్రాయం ఒకటుందన్నాను కదా, అది ఇదే. ఎడ్వర్డ్స్ బేస్ లైన్లు ఎంత సాఫీగా ఉంటాయంటే ఎవరో కూర్చుని కట్టినట్టు అనిపించవు, ఎప్పటినుంచో గాల్లో ఉన్నట్టు, అందరి సొత్తూ అన్నట్టు ఉంటాయి. కష్టంగా ఉన్నదాని కింద సంతకం వెతుకుతాం, తేలిగ్గా ఉన్నదాన్ని జేబులో వేసుకుంటాం. 'గుడ్ టైమ్స్' విషయంలో అచ్చం అలాగే జరిగింది, అదీ ఒకే ఏడాదిలో రెండుసార్లు.

మొదటిది 1979 సెప్టెంబర్‌లో. షుగర్‌హిల్ గ్యాంగ్ 'ర్యాపర్స్ డిలైట్' అని విడుదల చేశారు, ర్యాప్ అనేది ఒకటుందని ప్రపంచానికి తెలిసింది ఆ రికార్డుతోనే. కింద మోగుతున్నది 'గుడ్ టైమ్స్' బేసే, స్టూడియోలో వేరేవాళ్లతో మళ్లీ వాయించింది. రికార్డు మీద ఎడ్వర్డ్స్ పేరు లేదు, రాడ్జర్స్ పేరూ లేదు. రాడ్జర్స్ ఒక క్లబ్బులో విని తెల్లబోయాడు. కోర్టుకి వెళ్తామన్నాక రచయితలుగా ఇద్దరి పేర్లూ చేర్చారు. బ్రాంక్స్ కుర్రాళ్లు పార్టీల్లో రెండు టర్న్‌టేబుళ్ల మీద ఆ ముక్కనే తిప్పి తిప్పి వాయిస్తూ దాని మీద మాట్లాడేవాళ్లు, అది వేరే సంగతి, అది ప్రేమ. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే డీజే 1981లో చేసిన రికార్డులో కూడా ఆ ముక్క వినపడుతుంది. కంపెనీ రికార్డు వేసి అమ్ముకున్నప్పుడు మాత్రం ఎవరిదో రాయాలి.

రెండోది ఇంగ్లండ్ రాక్ బ్యాండు క్వీన్. వాళ్ల బేసిస్టు జాన్ డీకన్, చాలా మంచి సంగీతకారుడు, మాట తక్కువ మనిషి, షీక్ వాళ్ల స్టూడియోకి వచ్చి వాళ్లతో కొంతకాలం గడిపాడు. ఆ తర్వాత 1980లో ఆయన రాసిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' వచ్చింది. దుమ్, దుమ్, దుమ్, ఖాళీ. అమెరికాలో నంబర్ వన్. ఎడ్వర్డ్స్‌కి డీకన్ మీద కోపం లేదు, ఆయన మాతో ఉన్నాడు, విన్నాడు, అది బాగానే ఉంది అన్నాడు. ఆయన్ని బాధపెట్టింది పత్రికలు. షీక్ వాళ్లే క్వీన్ పాటని కాపీ కొట్టారని రాశారు! 'గుడ్ టైమ్స్' అంతకు ఏడాది ముందు వచ్చిన పాట, తేదీ చూసుకుంటే సరిపోయేది. నల్లవాళ్లు ఒక కొత్త విషయం కనిపెట్టగలరన్నది ఆ రాసేవాళ్ల ఊహకే అందలేదని ఎడ్వర్డ్స్ ఇంటర్వ్యూలో అన్నాడు. ఆ మాటలో బాధ ఉంది, నిజం కూడా ఉంది.

అది ఏ కాలమో కూడా చూడాలి. 1979 జులై 12న షికాగోలో కొమిస్కీ పార్క్ స్టేడియంలో, రెండు బేస్‌బాల్ ఆటల మధ్య విరామంలో, స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ డిస్కో రికార్డుల్ని కుప్పపోసి పేల్చేశాడు. జనం మైదానంలోకి దూకేశారు, రెండో ఆట జరగనే లేదు. సరదా అన్నారు. డిస్కో ఎవరి సంగీతం? నల్లవాళ్లది, లాటినోలది, గే క్లబ్బులది. ఆ మంటల్ని చూసినవాళ్లలో చాలామందికి అది సరదాగా అనిపించలేదు. ఆగస్టులో 'గుడ్ టైమ్స్' నంబర్ వన్ అయ్యింది, వెంటనే ద నాక్ వాళ్ల రాక్ పాట దాన్ని దించేసింది, ఆ తర్వాత షీక్ పాట మళ్లీ అమెరికా టాప్ 40లోకి రాలేదు. ఒక్కసారి కూడా. అదే బేసు, అదే డ్రమ్సు, అదే గిటారు, డయానా రాస్ పేరు మీద వస్తే నంబర్ వన్, షీక్ పేరు మీద వస్తే రేడియో వెయ్యదు. ఆ కాలంలో వచ్చిన 'రియల్ పీపుల్', 'టేక్ ఇట్ ఆఫ్' ఆల్బంలు ఇప్పుడు విన్నా తాజాగా ఉంటాయి, అప్పుడు పట్టించుకున్నవాళ్లు లేరు. 1983లో బ్యాండు విడిపోయింది. ఎడ్వర్డ్స్ సొంతంగా ఒక ఆల్బం చేశాడు, అది నడవలేదు.

ఆ తర్వాత ఆయన చేసింది చూస్తే ముచ్చటేస్తుంది. డిస్కోవాడు అని తలుపు వేసేసిన రాక్ ఇంట్లోకే ప్రొడ్యూసరుగా, అంటే దగ్గరుండి రికార్డింగు చేయించేవాడిగా, వెళ్లి కూర్చున్నాడు. డురాన్ డురాన్ బ్యాండు బేసిస్టు జాన్ టేలర్‌కి ఎడ్వర్డ్స్ అంటే ప్రాణం, ఆయన్ని వినే వాయించడం నేర్చుకున్నాడు. 1985లో జాన్ టేలర్, ఆండీ టేలర్, రాబర్ట్ పామర్, టోనీ థాంప్సన్ కలిసి ఒక గ్రూపు పెట్టి, దానికి షీక్ వాళ్లు రికార్డింగులు చేసుకున్న స్టూడియో పేరే పెట్టుకున్నారు, ద పవర్ స్టేషన్. మన్‌హాటన్‌లో ఒకప్పుడు కరెంటు కంపెనీ కట్టడం అది. ప్రొడ్యూసర్ ఎడ్వర్డ్స్. అదే ఏడాది డురాన్ డురాన్‌తో జేమ్స్ బాండ్ సినిమా పాట 'ఎ వ్యూ టు ఎ కిల్', అమెరికాలో నంబర్ వన్ అయిన ఒకే ఒక్క బాండ్ పాట అది. రాబర్ట్ పామర్ 'అడిక్టెడ్ టు లవ్', 1986లో నంబర్ వన్, ప్రొడ్యూసరూ ఆయనే, బేసూ ఆయనే. మొత్తం రాక్ పాట, గిటార్లు గోడలా ఉంటాయి, కింద బేస్ ఏం చేస్తోందో వినండి, అన్నీ తీసేసి ఉన్న కొంచెం చోటులో ఎంత హాయిగా కూర్చుందో. 1984లో మడోనా 'లైక్ ఎ వర్జిన్' ఆల్బంకి రాడ్జర్స్ ప్రొడ్యూసర్, బేస్‌కి ఎడ్వర్డ్స్‌నే పిలిచాడు, డ్రమ్స్‌కి థాంప్సన్‌ని. బ్యాండు విడిపోయిందన్నారు గానీ ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారు, రికార్డు మీద పేరొక్కటే వేరు.

1992లో రాడ్జర్స్, ఎడ్వర్డ్స్ మళ్లీ షీక్ పేరుతో ఆల్బం చేశారు. 1996 ఏప్రిల్‌లో జపాన్ వాళ్లు రాడ్జర్స్‌ని సత్కరిస్తూ కచేరీలు పెట్టారు. సిస్టర్ స్లెడ్జ్, స్టీవ్ విన్‌వుడ్, సైమన్ లె బాన్, స్లాష్ అందరూ వచ్చారు. టోక్యో బుడోకాన్ హాల్లో ఏప్రిల్ 17న కచేరీ. ఎడ్వర్డ్స్‌కి ఒంట్లో అస్సలు బాగాలేదు, ఆపేద్దామని రాడ్జర్స్ బతిమాలాడు, ఈయన ఒప్పుకోలేదు. మధ్యలో పక్కనుంచి సాయం పట్టాల్సొచ్చింది, అయినా కచేరీ పూర్తి చేశాడు. రాత్రి హోటల్లో రాడ్జర్స్ అడిగితే బాగానే ఉన్నాను, కాస్త పడుకుంటే చాలు అన్నాడు. తెల్లారి గదిలోకి వెళ్లి చూసింది రాడ్జర్సే. నిమోనియా. నలభై మూడేళ్లు.

ఆ రాత్రి కచేరీ రికార్డింగు 1999లో ఆల్బంగా వచ్చింది. ఒంట్లో అంత బాగాలేని మనిషి వాయిస్తున్నాడని వింటే ఎవరూ చెప్పలేరు. నేనైతే దాన్ని ఏకబిగిన చివరిదాకా వినలేను, మీరు వినండి.

ఆయన పోయిన మరుసటి ఏడాదే నోటోరియస్ బి.ఐ.జి. పాటలో 'ఐయామ్ కమింగ్ అవుట్' మోగింది, నంబర్ వన్. 1998లో విల్ స్మిత్ పాటలో 'గ్రేటెస్ట్ డాన్సర్', అదీ నంబర్ వన్. 2000లో మోజో అనే ఫ్రెంచి జంట 'లేడీ' పాటని షీక్ వాళ్ల 'సూప్ ఫర్ వన్' మీద కట్టారు. ఈసారి అన్నిటి మీదా ఎడ్వర్డ్స్ పేరుంది. 2016లో సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన్నీ రాడ్జర్స్‌నీ కలిపి చేర్చారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు షీక్‌ని పదకొండుసార్లు నామినేట్ చేసి, ఒక్కసారీ బ్యాండుని తీసుకోలేదు, చివరికి 2017లో రాడ్జర్స్ ఒక్కడికే పురస్కారం ఇచ్చారు. అది తప్పు. రాడ్జర్స్‌కి ఇవ్వడం కాదు, ఎడ్వర్డ్స్‌నీ థాంప్సన్‌నీ బయట ఉంచడం తప్పు, ఇప్పటికైనా దిద్దుకోవచ్చు.

సరే, ఇప్పుడు 'గుడ్ టైమ్స్' పెడదాం. రేడియోకి కోసిన ముక్క కాదు, ఆల్బంలో ఉన్న ఎనిమిది నిమిషాలది. మధ్యలో ఒకచోట పాడేవాళ్లు ఆగిపోతారు, వయొలిన్లు, పియానో, రాడ్జర్స్ గిటార్ అన్నీ ఆగిపోతాయి. డ్రమ్సూ చప్పట్లూ బేసూ మిగులుతాయి. తర్వాత ఒక్కొక్కరే మళ్లీ వచ్చి చేరతారు. వాళ్లందరూ లేనప్పుడు పాటలో ఏం తగ్గిందో గమనించండి, మూడు దెబ్బల తర్వాత ఆ ఖాళీలో మీ కాలు ఏం చేస్తోందో కూడా చూసుకోండి. పాట అయ్యాక ప్రశ్నలు అడగండి, మైకు మీ దగ్గరికే వస్తుంది. బేస్ వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లకి ఇద్దాం.